ఇమ్యునోథెరపీ మొదలవుతోందా? పేగుల్లో బాక్టీరియాని చెడగొట్టుకోకుండా ఎలా చూసుకోవాలి

మీకో, మీ ఇంట్లోవాళ్లకో క్యాన్సర్‌కి ఇమ్యునోథెరపీ, అంటే ఒంట్లోని రోగనిరోధక శక్తితోనే క్యాన్సర్‌ని కొట్టించే వైద్యం, రాశారనుకోండి. ఇంటికొచ్చి ఫోన్‌లో వెతగ్గానే పేగుల్లో బాక్టీరియా బాగుంటేనే ఈ మందు పనిచేస్తుందట అనే మాట కనబడుతుంది, దాని వెనకే ప్రోబయోటిక్ (మంచి బాక్టీరియా మాత్రల) డబ్బాలు, స్టూల్ టెస్ట్ కిట్లు, డైట్ ప్లాన్లు వరసపెట్టి వచ్చేస్తాయి. ఆ మాటలో నిజం చాలానే ఉంది, ఎవరో పుట్టించిన పుకారు కాదు, పదేళ్లుగా పెద్ద పెద్ద ల్యాబులు దీనిమీద పనిచేస్తున్నాయి. కాకపోతే సైన్స్ చెప్పేదానికీ అమ్మేవాళ్లు చెప్పేదానికీ మధ్య చాలా దూరం ఉంది. ఇప్పటిదాకా వచ్చిన స్టడీలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే పేషెంట్ చేతిలో నిజంగా ఉన్న పని ఒకటే కనిపిస్తుంది, లోపల ఉన్న బాక్టీరియాని అనవసరంగా పాడుచేసుకోకుండా ఉండటం. బయట్నుంచి కొత్తవి తెచ్చి వేసుకోవడం ఇంకా ఇంట్లో చేసే పని కాలేదు. అందుకే ఏం చెయ్యాలి, ఏం మానాలి, ఏ టైంలో ఎవర్ని ఏం అడగాలి అనేది ఒక్కో స్టెప్పుగా రాస్తున్నా. ఇందులో ఏదీ మీ ఆంకాలజిస్ట్‌ని (క్యాన్సర్ డాక్టర్‌ని) అడక్కుండా మందు ఆపడానికో మొదలుపెట్టడానికో కాదు, ఆయనతో సరైన ప్రశ్నలు వెయ్యడానికి.

1. ముందు మీకిచ్చేది ఏ రకం మందో కనుక్కోండి

ఇమ్యునోథెరపీ అనే ఒక్క పేరు కింద చాలా రకాలున్నాయి. మూత్రాశయం క్యాన్సర్ తొలి దశలో బీసీజీ లోపలికి ఎక్కిస్తారు, అది కూడా ఇమ్యునోథెరపీనే, అదైతే ఏకంగా బతికున్న బాక్టీరియానే మందుగా వాడటం, 1976 నుంచీ ఉంది. పేషెంట్ సెల్స్ తీసి ల్యాబ్‌లో మార్చి మళ్లీ ఎక్కించే కార్-టీ వేరు. ఇక్కడ మనం మాట్లాడుకునేది చెక్‌పాయింట్ ఇన్హిబిటర్ల గురించి, అంటే ఇమ్యూన్ సెల్స్‌కి ఉండే బ్రేకుల్ని తీసే మందుల గురించి, ఎందుకంటే పేగుల బాక్టీరియాతో లింకు మీద ఎక్కువ స్టడీలు వీటి మీదే జరిగాయి.

మీ డిశ్చార్జ్ సమ్మరీలోనో, డే కేర్ షీట్‌లోనో మందు పేరు చూడండి. పెంబ్రోలిజుమాబ్, నివోలుమాబ్ ఉంటే అవి పీడీ-1 మందులు. అటెజోలిజుమాబ్, డుర్వాలుమాబ్ అయితే పీడీ-ఎల్1 మందులు. ఇపిలిముమాబ్ అయితే సీటీఎల్‌ఏ-4 మందు. రెండు కలిపి ఇస్తున్నారా, కీమోతో కలిపి ఇస్తున్నారా అన్నది కూడా రాసిపెట్టుకోండి, ఎందుకంటే కింద జ్వరం, మోషన్స్ గురించి చెప్పే దగ్గర ఇది అవసరం పడుతుంది. ఇపిలిముమాబ్ ఉన్నవాళ్లకి, ముఖ్యంగా నివోలుమాబ్‌తో కలిపి ఇస్తున్నవాళ్లకి, పేగులకి ఇబ్బంది వచ్చే ఛాన్స్ ఎక్కువ.

2. అసలు పేగులకీ ఈ మందుకీ సంబంధం ఏంటో ఒకసారి అర్థం చేసుకోండి

ఈ స్టెప్ వదిలేసి కింద లిస్టు మాత్రమే చదవాలనిపిస్తుంది, కానీ దయచేసి చదవండి, ఇది అర్థమైతే ఎవరైనా ఏదైనా అమ్మబోతే అడగాల్సిన ప్రశ్న మీకే తెలుస్తుంది.

మన టీ సెల్స్, అంటే ఒక రకం ఇమ్యూన్ సెల్స్, క్యాన్సర్ సెల్‌ని గుర్తుపట్టి చంపగలవు. కానీ అవి అతిగా రెచ్చిపోయి మన ఒంటినే తినెయ్యకుండా వాటికి కొన్ని బ్రేకులు ఉంటాయి, పీడీ-1, సీటీఎల్‌ఏ-4 అలాంటివే. క్యాన్సర్ ఈ బ్రేకుని తనే నొక్కేసి తప్పించుకుంటుంది, పీడీ-1 బ్రేకుని నొక్కే ప్రోటీనే పీడీ-ఎల్1. మందు చేసే పని ఆ బ్రేకు మీద నుంచి కాలు తీయించడం. ఈ బ్రేకుల సంగతి తేల్చిన జేమ్స్ అలిసన్‌కీ, తసుకు హోంజోకీ 2018లో నోబెల్ వచ్చింది. ఇపిలిముమాబ్‌కి అమెరికాలో అనుమతి 2011లో వచ్చింది, పీడీ-1 మందులకి 2014లో.

ఇక్కడ గమనించాల్సింది ఏంటంటే బ్రేకు తీసినంత మాత్రాన సరిపోదు, టీ సెల్స్ ముందే తయారై, కదిలే స్థితిలో ఉండాలి. ఆ తయారీ జరిగే చోట్లలో పేగు చాలా పెద్దది. ఒంట్లో ఇమ్యూన్ సెల్స్‌లో పెద్ద భాగం పేగు గోడ చుట్టూనే ఉంటాయి, గోడకి అటుపక్క లక్షల కోట్లలో బాక్టీరియా, ఇటుపక్క ఇమ్యూన్ సెల్స్, మధ్యలో ఒక్క వరస కణాలూ కాస్త జిగురు పొరా, అంతే. రాత్రీ పగలూ వాటి మధ్య సంభాషణ నడుస్తూనే ఉంటుంది.

2015లో సైన్స్ జర్నల్‌లో రెండు స్టడీలు ఒకేసారి వచ్చాయి. షికాగో యూనివర్సిటీలో థామస్ గజెవ్‌స్కీ టీం చూసిందేంటంటే, ఒకే జాతి ఎలుకలే కానీ రెండు వేరే సప్లయర్ల దగ్గర నుంచి వచ్చినవి, వాటిలో ట్యూమర్ పెరిగే స్పీడ్ వేరుగా ఉంది, రెండింటినీ ఒకే బోనులో పెడితే తేడా పోయింది, అంటే తేడా జీన్స్‌లో కాదు పేగుల్లో ఉంది, అందులోనూ బిఫిడోబాక్టీరియం అనే బాక్టీరియా ఎక్కువున్న వాటిలో పీడీ-ఎల్1 మందు బాగా పనిచేసింది. ఫ్రాన్స్‌లో గుస్తావ్ రూసీ సంస్థలో లారెన్స్ జిట్వోగెల్ టీం అయితే అసలు బాక్టీరియానే లేని ఎలుకల్లో సీటీఎల్‌ఏ-4 మందు పనిచెయ్యట్లేదని, బాక్టీరాయిడ్స్ అనే బాక్టీరియాలో కొన్ని రకాలు తిరిగి ఇస్తే పనిచేస్తోందని చూపించింది.

2018 జనవరిలో మనుషుల మీద డేటా వచ్చింది, ఒకేసారి మూడు పేపర్లు. మందు పనిచేసిన పేషెంట్ల మలం తీసి బాక్టీరియా లేని ఎలుకలకి ఎక్కిస్తే ఆ ఎలుకల్లోనూ మందు పనిచేసింది, పనిచెయ్యని పేషెంట్ల మలం ఎక్కిస్తే వాటిలోనూ పనిచెయ్యలేదు. నా వరకు ఈ మొత్తం కథలో అన్నిటికంటే బలమైన సాక్ష్యం ఇదే. ఒక టీంకి అక్కర్మాన్సియా అనే బాక్టీరియా ముఖ్యంగా కనిపించింది, ఇంకో టీంకి ఫీకాలిబాక్టీరియం కుటుంబం, మూడో టీంకి బిఫిడోబాక్టీరియం లాంగం. మూడు టీంలకి మూడు పేర్లు వచ్చాయి, ఇది గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

బాక్టీరియా ఇంత పని ఎలా చేస్తుందంటే ఒక్క దారి కాదు. కొన్ని తయారుచేసే పదార్థాలు రక్తంలోకి వెళ్లి టీ సెల్స్‌ని తట్టి లేపుతాయి, 2020లో ఇనోసిన్ అనే పదార్థంతో ఇది ఎలుకల్లో చూపించారు. కొన్నిసార్లు బాక్టీరియాలో ఉండే ఒక ప్రోటీన్ ముక్క ట్యూమర్‌లో ఉండే ముక్కని పోలి ఉంటుంది, దాన్ని చూసి నేర్చుకున్న టీ సెల్ ట్యూమర్‌నీ పట్టుకుంటుంది. ఇక మూడోది యాంటీబయాటిక్స్‌కి సంబంధించింది, అది కింద చెప్తా.

3. యాంటీబయాటిక్స్: మీ శ్రద్ధలో సగం ఇక్కడే పెట్టండి

ఇది అన్నిటికంటే ముఖ్యమైన స్టెప్, అందుకే కాస్త పొడుగ్గా ఉంటుంది.

2019లో బ్రిటన్‌లో 196 మంది పేషెంట్ల డేటా చూశారు, ఊపిరితిత్తులు, మెలనోమా (ఒక రకం చర్మ క్యాన్సర్), ఇంకా వేరే క్యాన్సర్లు కలిపి. ఇమ్యునోథెరపీ మొదలవ్వడానికి ముందు నెల రోజుల్లో యాంటీబయాటిక్ వాడినవాళ్లు మధ్యస్థంగా 2 నెలలు బతికితే వాడనివాళ్లు 26 నెలలు బతికారు. చదవగానే గుండె జారిపోతుంది. కానీ ఆగండి, ముందే ఇన్ఫెక్షన్ వచ్చి యాంటీబయాటిక్ పడినవాళ్లు మామూలుగానే ఎక్కువ నీరసంగా, జబ్బు ముదిరి ఉండేవాళ్లు కూడా కావచ్చు, ఇలాంటి స్టడీల్లో ఆ రెండిటినీ పూర్తిగా విడదీయలేం. అయినా వేరే వేరే దేశాల్లో, వేరే క్యాన్సర్లలో అదే దిశలో మళ్లీ మళ్లీ రావడం, ఎలుకల్లో కారణం కూడా కనిపించడం వల్ల దీన్ని కొట్టిపారేయలేం. అదే స్టడీలో ఇమ్యునోథెరపీ నడుస్తుండగా వాడిన యాంటీబయాటిక్‌తో అంత తేడా కనపడలేదు, అంటే మొదలయ్యే ముందు రోజులు ఎక్కువ సున్నితం అన్నమాట.

కారణం గురించి 2023లో జిట్వోగెల్ టీమే ఒక మంచి వివరణ ఇచ్చింది. యాంటీబయాటిక్ ఆపాక పేగుల్లోకి ముందుగా తిరిగొచ్చే కొన్ని బాక్టీరియా వల్ల పేగు గోడలో మాడ్‌క్యామ్-1 అనే ప్రోటీన్ తగ్గిపోతుంది. కొన్ని ఇమ్యూన్ సెల్స్‌ని పేగు దగ్గరే పట్టి ఉంచేది ఆ ప్రోటీనే. అది తగ్గగానే అవి పేగు వదిలేసి ట్యూమర్ దగ్గరికి చేరతాయి, పైగా అవి దాడిచేసే రకం కాదు, దాడిని అణిచేసే రకం.

ఇప్పుడు మీరు చెయ్యాల్సింది. ఒక కాగితం తీసుకుని గత రెండు నెలల్లో వాడిన ప్రతి యాంటీబయాటిక్ పేరు, ఎన్ని రోజులు, ఎందుకు అనేది రాయండి, పేరు గుర్తులేకపోతే పాత చీటీలు, ఖాళీ స్ట్రిప్పులు వెతకండి, చెవి డ్రాప్స్, కంటి డ్రాప్స్ గురించి పెద్దగా కంగారక్కర్లేదు కానీ మాత్రలు, ఇంజక్షన్లు మాత్రం ఒక్కటీ వదలొద్దు. మొదటి డోస్‌కి ముందే ఈ కాగితం ఆంకాలజిస్ట్‌కి చూపించండి. యాంటీబయాటిక్ ఈమధ్యే వాడి ఉంటే భయపడి మీ అంతట మీరు ఇమ్యునోథెరపీ వాయిదా వేసుకోవద్దు, వాడినవాళ్లలో కూడా మందు బాగా పనిచేసినవాళ్లు ఉన్నారు, డోస్ ఎప్పుడు అనేది జబ్బు స్పీడు చూసి డాక్టర్ నిర్ణయించాలి.

పళ్లకి సంబంధించిన పనులు పెండింగ్‌లో ఉంటే, టైం ఉంటే, డెంటిస్ట్‌నీ ఆంకాలజిస్ట్‌నీ ఇద్దర్నీ అడిగి ముందే చూపించుకోండి, మధ్యలో చిగురు వాచి యాంటీబయాటిక్ పడే పరిస్థితి తగ్గుతుంది.

ఇంకెవరైనా డాక్టర్ యాంటీబయాటిక్ రాస్తే గొడవపడకుండా మర్యాదగా అడగండి: డాక్టర్ గారూ, నాకు ఇమ్యునోథెరపీ నడుస్తోంది, ఇది బాక్టీరియా ఇన్ఫెక్షనేనా వైరల్ కావచ్చా, కల్చర్ (ఏ బాక్టీరియానో తేల్చే ల్యాబ్ టెస్టు) పంపించాక మొదలుపెట్టొచ్చా, అన్నిటినీ చంపే మందు కాకుండా దీనికే సరిపోయే మందు ఏదైనా ఉందా, తక్కువలో తక్కువ ఎన్ని రోజులు వాడితే చాలు. ఈ నాలుగు ప్రశ్నలకి మంచి డాక్టర్ ఎవరూ విసుక్కోరు. జలుబుకి, మామూలు వైరల్ దగ్గుకి యాంటీబయాటిక్ పనిచెయ్యదు. మంట, జ్వరం ఏమీ లేకుండా యూరిన్ కల్చర్‌లో మాత్రం బాక్టీరియా కనిపిస్తే చాలాసార్లు మందే అక్కర్లేదు, అడిగి చూడండి. ఇంట్లో మిగిలిపోయిన స్ట్రిప్‌లోంచి రెండు మాత్రలు తీసి వేసుకునే అలవాటు ఉంటే ఈరోజే మానెయ్యండి.

కానీ దీన్ని తిరగేసి అర్థం చేసుకోవద్దు, ఇది చాలా సీరియస్‌గా చెప్తున్నా. జ్వరం 38 డిగ్రీల సెల్సియస్ దాటితే, చలి వణుకు వస్తే, ముఖ్యంగా కీమోతో కలిపి ఇమ్యునోథెరపీ నడుస్తుంటే, వెంటనే హాస్పిటల్‌కి వెళ్లండి, అక్కడ యాంటీబయాటిక్ ఇంజక్షన్ పెడతామంటే ఒక్క నిమిషం కూడా ఆలోచించొద్దు. రక్తంలో ఇన్ఫెక్షన్ గంటల్లో ప్రాణం తీస్తుంది, పేగుల్లో బాక్టీరియా సంగతి తర్వాత చూసుకోవచ్చు. మొదలుపెట్టిన కోర్సు కూడా మధ్యలో మీ అంతట మీరు ఆపొద్దు.

4. గ్యాస్ మాత్ర నిజంగా కావాలా అని అడగండి

పాంటాప్రజోల్, ఒమెప్రజోల్, రాబెప్రజోల్ లాంటివి చాలామంది ఏళ్ల తరబడి పొద్దున్నే వేసుకుంటూ ఉంటారు, ఎప్పుడో ఎవరో రాశారు, ఆపమని ఎవరూ చెప్పలేదు, అలా నడుస్తోంది అంతే. కడుపులో యాసిడ్ తగ్గితే మామూలుగా అక్కడే చచ్చిపోవాల్సిన నోటి బాక్టీరియా పేగుల దాకా వెళ్లిపోతుంది, లోపలి మిశ్రమం మారిపోతుంది. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో అటెజోలిజుమాబ్ మీద జరిగిన రెండు ట్రయల్స్ డేటాని 2020లో మళ్లీ చూస్తే, యాంటీబయాటిక్ వాడినవాళ్లలోనే కాదు ఈ మాత్రలు వాడినవాళ్లలో కూడా ఫలితాలు తక్కువగా ఉన్నాయి.

అలాగని రేపట్నుంచి ఆపెయ్యొద్దు. అల్సర్ నుంచి రక్తం పడిన చరిత్ర ఉన్నవాళ్లకి, ఆస్పిరిన్, రక్తం పలచబడే మందులు, స్టెరాయిడ్లు, నొప్పి మాత్రలు వాడేవాళ్లకి ఇది రక్షణ. ఇది నాకు ఏ కారణంతో రాశారు, ఆ కారణం ఇప్పటికీ ఉందా, డోస్ తగ్గించొచ్చా అని అడగండి. ఏళ్లుగా వాడుతూ ఒక్కసారిగా ఆపితే కొన్నాళ్లు యాసిడ్ ముందుకంటే ఎక్కువగా తన్నుకొస్తుంది, అందుకే డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించుకోవాలి.

5. ఫైబర్ పెంచండి, కానీ మెల్లగా

తిండి విషయంలో నేను గట్టిగా చెప్పగలిగేది ఇదొక్కటే. 2021 డిసెంబర్‌లో అమెరికాలోని ఎండీ ఆండర్సన్ క్యాన్సర్ సెంటర్‌కి చెందిన జెన్నిఫర్ వార్గో టీం మెలనోమా పేషెంట్ల తిండి లెక్కలు బయటపెట్టింది, తిండి వివరాలు ఇచ్చినవాళ్లు 128 మంది. రోజుకి 20 గ్రాములు, ఆపైన ఫైబర్ తినేవాళ్లలో జబ్బు ముదరకుండా ఎక్కువ కాలం ఆగింది, ప్రతి 5 గ్రాములు పెరిగేకొద్దీ జబ్బు ముదరడమో చనిపోవడమో జరిగే రిస్క్ 30 శాతం దాకా తక్కువగా కనిపించింది. ఇది పరిశీలన మాత్రమే, ఫైబర్ తింటే కచ్చితంగా అంత లాభం అని రుజువు కాదు, ఫైబర్ తినగలిగేవాళ్లు మామూలుగానే కాస్త ఆరోగ్యంగా ఉండొచ్చు. కానీ ఎలుకలకి ఫైబర్ తక్కువ తిండి పెడితే మందు సరిగ్గా పనిచెయ్యలేదని కూడా అదే పేపర్‌లో చూపించారు, పైగా ఫైబర్ వల్ల గుండెకీ షుగర్‌కీ మంచిదే కాబట్టి చాలామందికి ఇందులో పోయేదేమీ లేదు.

మొదట ఒక మూడు రోజులు తిన్నదంతా రాసుకుని ఇప్పుడు ఎంత తింటున్నారో చూడండి. ఉడికిన పప్పు ఒక కప్పు గట్టిగా ఉంటే 15 గ్రాముల దాకా వస్తుంది, తొక్కతో తిన్న మీడియం సైజు ఆపిల్‌లో 4 గ్రాములు ఉంటుంది, పాలిష్ పట్టని ధాన్యాలు, కూరగాయలు, గింజలు మిగతాది నింపుతాయి. పళ్ల రసం తాగితే పండు తిన్నట్టు కాదు, ఫైబర్ చాలావరకు వడగట్టేసిన పిప్పిలోనే పోతుంది. వారానికి ఒక 5 గ్రాముల చొప్పున పెంచండి, నీళ్లు కూడా పెంచండి, ఒకేసారి పెంచేస్తే కడుపుబ్బరం వచ్చి రెండో రోజే మానేస్తారు. రోజూ ఒకే రకం కాకుండా మార్చి మార్చి తినండి, ఒక్కో రకం ఫైబర్‌ని ఒక్కో రకం బాక్టీరియా తింటుంది.

ఫైబర్ పెంచకూడనివాళ్లు కూడా ఉన్నారు, ఈ ముక్క మాత్రం దాటెయ్యొద్దు. పేగు ఎక్కడైనా ఇరుకైందని చెప్పినవాళ్లు, పేగు అడ్డుపడే రిస్క్ ఉన్నవాళ్లు, ఈమధ్యే పేగు ఆపరేషన్ అయినవాళ్లు, స్టోమా బ్యాగ్ (పొట్ట మీద మలం సంచి) ఉన్నవాళ్లు, ప్రస్తుతం మోషన్స్ అవుతున్నవాళ్లు డైటీషియన్ చెప్పినట్టే నడవాలి. బరువు తగ్గిపోతూ నాలుగు ముద్దలు తినడమే కష్టంగా ఉన్న మనిషికి ఫైబర్ అంటూ కడుపు నింపేసి ప్రోటీన్, కేలరీలు లోపలికి పోకుండా చెయ్యొద్దు. ఇంట్లోవాళ్లు ప్రేమతోనే ఇది చేస్తుంటారు, పేషెంట్‌కి ఇష్టమైనవన్నీ ఆపేసి ఆకులు అలములు మాత్రమే పెడతారు, ఆ మనిషి ఇంకా చిక్కిపోతాడు. ముందు ఒళ్లు నిలబడాలి.

6. ప్రోబయోటిక్ డబ్బా కొనొద్దు

చాలామందికి ఇది ఆశ్చర్యంగా ఉంటుంది, మంచి బాక్టీరియా కావాలంటున్నారు, మళ్లీ మంచి బాక్టీరియా మాత్ర వద్దంటున్నారేంటి అని. పైన చెప్పిన 2021 స్టడీలోనే ఫైబర్ బాగా తిని ప్రోబయోటిక్ వాడనివాళ్లలో ఫలితాలు అన్నిటికంటే బాగున్నాయి. ఎలుకల్లో అయితే కొనుక్కునే రకం ప్రోబయోటిక్ ఇచ్చినప్పుడు ట్యూమర్ మీద మందు ప్రభావం తగ్గింది. ఎందుకంటే పేగుల్లో వందల రకాలు ఒకదానిమీద ఒకటి ఆధారపడి ఉంటాయి, అక్కడికి ఒకటో రెండో రకాల్ని కోట్లలో దింపితే మొత్తం వైవిధ్యం తగ్గిపోవచ్చు.

మరి అక్కర్మాన్సియా మంచిదన్నారు కదా, అదొక్కటీ మాత్రగా తీసుకుంటే? ఇక్కడే ఆ మూడు టీంలు మూడు పేర్లు అన్న సంగతి గుర్తు తెచ్చుకోండి. 2022లో చాలా దేశాల పేషెంట్ల డేటా కలిపి చూసినప్పుడు అన్ని చోట్లా ఒకేలా మంచి చేసే ఒక్క బాక్టీరియా దొరకలేదు. అక్కర్మాన్సియా కూడా అంతే, లేకపోతే మంచిది కాదు, మరీ ఎక్కువైపోయినా మంచిది కాదని ఊపిరితిత్తుల క్యాన్సర్ పేషెంట్ల డేటాలో కనిపించింది.

సీబీఎం588 అనే ఒక బాక్టీరియాని కిడ్నీ క్యాన్సర్‌లో నివోలుమాబ్, ఇపిలిముమాబ్‌తో కలిపి ఇచ్చి చూసిన చిన్న ట్రయల్ 2022లో వచ్చింది. తీసుకున్నవాళ్లలో జబ్బు ముదరకుండా మధ్యస్థంగా 12.7 నెలలు ఆగితే తీసుకోనివాళ్లలో 2.5 నెలలే ఆగింది. ఆశ పుట్టించే రిజల్టే, నాకూ సంతోషంగానే అనిపించింది, కానీ అందులో ఉన్నది మొత్తం 30 మంది, పైగా ట్రయల్ ముఖ్యంగా కొలవాలనుకున్నది బిఫిడోబాక్టీరియం పెరుగుతుందా అని, అది మాత్రం అనుకున్నట్టు పెరగలేదు. పెద్ద ట్రయల్స్‌లో తేలేదాకా దీన్ని సొంతంగా తెప్పించుకుని వాడొద్దు. ఇప్పటికే ఏదైనా ప్రోబయోటిక్ వాడుతుంటే దాచకుండా ఆంకాలజిస్ట్‌కి చెప్పండి. పెరుగు లాంటి పులిసిన పదార్థాలు మామూలుగా తినే అలవాటుంటే భయపడక్కర్లేదు, అది వేరే సంగతి, కాకపోతే కీమోతో తెల్లకణాలు బాగా పడిపోయి ఉంటే పచ్చివి, సరిగ్గా నిలవ చెయ్యనివి ఏవైనా ముందు డాక్టర్‌ని అడిగే తినండి.

7. స్టూల్ టెస్ట్ కిట్లకి డబ్బు పెట్టొద్దు

దీనిమీద ఎక్కువ చెప్పక్కర్లేదు. శాంపిల్ పంపితే రంగురంగుల చార్టు వస్తుంది, మీకు ఫలానాది తక్కువ ఉంది అంటుంది, ఆ కింద దానికి సరిపోయే సప్లిమెంట్ ఉంటుంది. ఆ చార్టు చూసి ఇమ్యునోథెరపీ ఇవ్వాలా వద్దా అని ఏ డాక్టరూ నిర్ణయించట్లేదు. బాక్టీరియా సమూహాల్ని చూసి స్కోర్ ఇచ్చే పద్ధతులు 2024లో పరిశోధనలో వచ్చాయి, అవి ట్రయల్స్‌లో నిలబడితే మీ హాస్పిటలే ఆ టెస్టు చేస్తుంది. మీరుండే చోట ఏదైనా పరిశోధన జరుగుతూ మలం శాంపిల్ ఇవ్వమని అడిగితే మాత్రం, అన్నీ కనుక్కుని వీలైతే ఇవ్వండి, పైన రాసిన ప్రతి ముక్కా అలా ఇచ్చినవాళ్ల వల్లే తెలిసింది.

8. మల మార్పిడి: ట్రయల్‌లో మాత్రమే

ఒకరి మలంలోని బాక్టీరియాని శుద్ధిచేసి ఇంకొకరి పేగుల్లోకి క్యాప్సూల్‌గానో కొలనోస్కోపీ (పెద్దపేగులోకి కెమెరా గొట్టం పంపి చూసే పద్ధతి) ద్వారానో పంపడం. 2021లో రెండు చిన్న ట్రయల్స్ వచ్చాయి, పీడీ-1 మందు పనిచెయ్యని మెలనోమా పేషెంట్లకి, అదే మందు బాగా పనిచేసినవాళ్ల మలం ఎక్కించి మళ్లీ మందు ఇచ్చారు. అమెరికాలో పిట్స్‌బర్గ్‌లో 15 మందిలో 6 గురికి మేలు కనిపించింది, ఇజ్రాయెల్‌లో 10 మందిలో 3 కి ట్యూమర్ తగ్గింది. 2023లో కెనడాలో మొదటిసారి మందు మొదలుపెట్టే 20 మందికి ఆరోగ్యంగా ఉన్నవాళ్ల మలం ఇచ్చాక 13 మందిలో ట్యూమర్ తగ్గింది. మందుకి స్పందించని జబ్బు మళ్లీ స్పందించడం చిన్న విషయం కాదు. కానీ ఈ మూడిట్లోనూ పోల్చి చూడటానికి మల మార్పిడి లేని గ్రూపు లేదు, అది ఉన్న ట్రయల్సే అసలు సంగతి తేలుస్తాయి.

ఇంట్లో సొంతంగా చేసుకునే వీడియోలు కూడా ఉన్నాయి, దయచేసి ఆ జోలికి పోవద్దు. 2019 జూన్‌లో అమెరికా ఎఫ్‌డీఏ ఒక హెచ్చరిక ఇచ్చింది, ఇమ్యూనిటీ తగ్గిన ఇద్దరికి మల మార్పిడి ద్వారా మందులకి లొంగని ఈ-కోలై ఎక్కింది, ఒకరు చనిపోయారు. అదీ హాస్పిటల్లో జరిగింది, దాత మలాన్ని ఆ బాక్టీరియా కోసం టెస్ట్ చెయ్యకపోవడం వల్ల. మీకు ఆసక్తి ఉంటే నాకు సరిపోయే ట్రయల్ ఎక్కడైనా ఉందా అని ఆంకాలజిస్ట్‌ని అడగండి, డబ్బు కట్టించుకుని చేసే ప్రైవేట్ సెంటర్‌ని మాత్రం నమ్మొద్దు.

9. మోషన్స్ లెక్కపెట్టండి, అదీ మందుకి ముందు నుంచే

బ్రేకు తీశాక టీ సెల్స్ కొన్నిసార్లు పేగు గోడ మీదే పడతాయి, దాన్నే కొలైటిస్ అంటారు. చాలామందికి ఇది మందు మొదలైన కొన్ని వారాలకి వస్తుంది. మొదటి డోస్‌కి ముందే మీకు మామూలుగా రోజుకి ఎన్నిసార్లు అవుతుందో రాసుకోండి, ఎందుకంటే డాక్టర్లు లెక్కకట్టేది ఆ మామూలు కంటే ఎన్ని ఎక్కువ అని. మామూలు కంటే ఎక్కువైనవి 4 లోపు ఉంటే గ్రేడ్ 1, 4 నుంచి 6 దాకా గ్రేడ్ 2, 7 ఆపైన గ్రేడ్ 3. గ్రేడ్ 1 అనిపించినా ఆరోజే ఫోన్ చేసి చెప్పండి. గ్రేడ్ 2 అయినా, లేక రక్తం, జిగురు, గట్టి కడుపునొప్పి, జ్వరం ఇందులో ఏ ఒక్కటి ఉన్నా, రాత్రైనా సెలవైనా ఆగకండి.

మోషన్స్ ఆగడానికి మాత్ర సొంతంగా వేసుకుని కూర్చోవద్దు, పైకి తగ్గినట్టుండి లోపల పేగు పుండుపడి చిల్లు పడే దాకా పోవచ్చు. ఏదో పడలేదులే అని సొంతంగా యాంటీబయాటిక్ వేసుకోవడం ఇంకా తప్పు. ఎమర్జెన్సీలో కొత్త డాక్టర్ ఉంటే మొదటి మాటే ఇలా చెప్పండి: ఫలానా చెక్‌పాయింట్ మందు నడుస్తోంది, చివరి డోస్ ఫలానా రోజు, ఇది కొలైటిస్ కావచ్చేమో చూడండి. వాళ్లు సీ డిఫిసిల్ లాంటి ఇన్ఫెక్షన్ టెస్టులు, కాల్‌ప్రొటెక్టిన్ (పేగు వాపుని చూపే మలం టెస్టు), అవసరమైతే కొలనోస్కోపీ చేయిస్తారు.

కొలైటిస్ అని తేలితే స్టెరాయిడ్ ఇస్తారు. స్టెరాయిడ్ వేస్తే ఇమ్యునోథెరపీ వృథా అవుతుందేమో అని వద్దనేవాళ్లు ఉన్నారు, అలా చెయ్యకండి, సైడ్ ఎఫెక్ట్‌కి వాడిన స్టెరాయిడ్ వల్ల మొత్తం ఫలితం దెబ్బతిన్నట్టు చాలా స్టడీల్లో కనపడలేదు, వాడకపోతే మాత్రం పేగు దెబ్బతింటుంది. దాంతో తగ్గకపోతే ఇన్‌ఫ్లిక్సిమాబ్, వెడోలిజుమాబ్ అనే మందులు ఉన్నాయి. దేనికీ తగ్గని ఇద్దరు పేషెంట్లకి ఎండీ ఆండర్సన్‌లో మల మార్పిడితోనే కొలైటిస్ తగ్గిందని 2018లో రాశారు. మందు బలం పెంచడానికి ప్రయత్నిస్తున్న పద్ధతే మందు చేసిన దెబ్బని కూడా మాన్పింది, పేగుల బాక్టీరియాని రెండు చివర్ల నుంచీ చూడాల్సి రావడం అంటే ఇదే.

10. డోసులు అయిపోయాక కూడా ఈ జాగ్రత్తలు ఆపొద్దు

చివరి డోస్ అయిపోయిందని కాగితాలన్నీ అటకెక్కించెయ్యకండి. ఈ మందుల ప్రభావం ఒంట్లో నెలల తరబడి ఉంటుంది, ఆపేసిన కొన్ని నెలలకి కూడా కొలైటిస్ వచ్చినవాళ్లు ఉన్నారు. పర్సులో ఒక చిన్న కార్డు పెట్టుకోండి, అందులో మందు పేరు, మొదటి డోస్, చివరి డోస్ తేదీలు, ఆంకాలజీ వాళ్ల ఫోన్ నంబర్ ఉండాలి. జ్వరానికో పంటికో ఇంకో డాక్టర్ దగ్గరికి వెళ్లినా ముందు ఆ కార్డు చూపించి, మూడో స్టెప్‌లోని ఆ నాలుగు ప్రశ్నలు అడిగాకే చీటీ తీసుకోండి.